శ్లాబు ఇంట్లో వెచ్చటి అరుగు

పుష్యమాసం రెండో ఆదివారం, పొద్దున్న ఆరు గంటల నలభై నిమిషాలు. సరిగ్గా అప్పుడు మా ఆయన ఒంటిమీది కంబళిని కాళ్ళతో తన్నేసి, "ఏటే ఇది, ఉక్కపోత్తంది," అన్నాడు.

టైము గోడ గడియారంలో చూసి చెబుతున్నాను. గడియారం చదవడం నాకు యాభై దాటాక, అక్షరాలతోపాటే వచ్చింది. కష్టపడి నేర్చుకున్నది కాబట్టి సుమారుగా చెప్పను. ఆ నిమిషానికి బయట గడ్డి తెల్లగా ఉంది. కుళాయి కింద పెట్టిన బిందెలో చేయి ముంచితే వేళ్ళు ఉన్నాయో లేదో తెలియడం లేదు. లోపల, డెబ్బై దాటిన ఆయాసం మనిషి ఉక్కపోస్తోంది అంటున్నాడు. మా కొండ మీద పుష్యమాసంలో ఆ మాట అన్నవాళ్ళు నాకు తెలిసి లేరు. అనిపించింది నేను. ముసలిది గొప్పలు చెప్పుకుంటోంది అనుకునేవాళ్ళు అనుకోండి. చెప్పుకోవడానికే రాస్తున్నాను.

మా చలిని చూడడానికి కింద నుంచి కార్లలో వస్తారు. మంచులో నిలబడి ఫొటోలు దిగి, వేడిగా టీ తాగి, ఎండ ముదిరేలోపు దిగిపోతారు. వాళ్ళకి ఒక్క పూట సరదా. మాకది కార్తీకంలో మొదలై మాఘం దాటేదాకా ఉంటుంది. పనిచేసే ఒళ్ళయితే పగలంతా ఫర్వాలేదు. కూర్చున్నవాడికే కష్టం. ముసలితనంలో కూర్చోవడం తప్ప ఇంకేం పని ఉంటుంది?

మా పాత ఇంటికి మట్టి గోడలు, రెల్లుగడ్డి కప్పు. గది మధ్యలో పొయ్యి. ఆ పొయ్యి ఎప్పుడూ ఆరేది కాదు. వంట అయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి, అందరం కాళ్ళు పొయ్యి వైపు పెట్టి చుట్టూ పడుకునేవాళ్ళం. పొగ గడ్డిలోంచి తనంతట తనే బయటికి పోయేది. పొద్దున్నే గట్టు మీద నుంచి చూస్తే ఊళ్ళో ఇళ్ళన్నీ అంబలి కుండల్లా ఆవిరి కక్కుతూ కనిపించేవి. పొయ్యి మీది అటకలో విత్తనపు మొక్కజొన్న పొత్తులు వేలాడదీసేదాన్ని. పొగ పట్టిన గింజకి పురుగు చేరదు. మనుషులకి మాత్రం కళ్ళు మండేవి. మా ఆయనకి ఆయాసం పట్టింది ఆ పొగ వల్లేనని తరవాత డాక్టరు అన్నాడు. అయ్యుంటుంది. పాతదంతా బంగారమని నేను అనను.

ఆ ఇల్లు తీసేసి అదే జాగాలో శ్లాబు ఇల్లు కట్టుకున్నాం. రెండు గదులు, ఇనప కిటికీలు, ముందు వసారా. దానికీ నేను పేరు పెట్టను. వానాకాలం నాలుగు నెలలూ ఒక్క చుక్క కారలేదు. గ్యాసు పొయ్యి వచ్చింది. కోడలి కళ్ళు ఎర్రబడడం మానేశాయి. కానీ మొదటి కార్తీకం రాగానే తెలిసింది, ఇల్లు కట్టినవాళ్ళు చలి సంగతి ఎవరినీ అడగలేదని. సిమెంటు గోడ పగటి ఎండని దాచుకోదు, రాత్రి చలిని మాత్రం వదలదు. తెల్లారేసరికి శ్లాబుకి లోపలివైపు చెమట పట్టి, చుక్కలు చుక్కలుగా మా మొహాల మీద పడేది.

అప్పుడు నేను ఒక తప్పు చేశాను. గడ్డి ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ అలాంటి తప్పు చెయ్యరు.

పెరట్లో కట్టెలు కాల్చి, నిప్పులు ఇనప గమేళాలో ఎత్తి తెచ్చి, పైన బూడిద కప్పి మా మంచం పక్కన పెట్టాను. తలుపు గడియ పెట్టాను. కిటికీలు మూశాను. కిటికీ పైన గాలి కంత ఉంటే దానిలో పాత చీర కుక్కాను, చలి రాకుండా. నా అత్త నాకు నేర్పింది అంతే: నిప్పు మీద బూడిద కప్పు, సందులు మూసెయ్, పడుకో. జీవితమంతా అలాగే పడుకున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. గడ్డి కప్పు గాలి పీలుస్తుంది, శ్లాబు పీల్చదు. ఆ సంగతి మాకు తట్టలేదు.

పొద్దున్న కోడలు టీ తెచ్చి తలుపు కొడుతుంటే నాకు ఎక్కడో పక్క ఊళ్ళో కొడుతున్నట్టు వినిపించింది. తల రెండు చెక్కలైపోతోంది. నిలబడలేక పాక్కుంటూ పోయి గడియ తీశాను. మా ఆయన లేవలేదు. కోడలూ, కొడుకూ ఆయన్ని మంచంతో సహా వసారాలోకి ఈడ్చారు. చల్లగాలి తగిలాక వాంతి చేసుకుని కళ్ళు తెరిచాడు. అరకు ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. డాక్టరమ్మ చిన్నపిల్ల. నన్ను తిట్టలేదు. "అమ్మా, నిప్పు కూడా గాలి పీలుస్తుంది. గదిలో ఉన్న గాలి అదే తాగేసి, మీ ఇద్దరికీ విషం మిగిల్చింది," అంది. పంపేటప్పుడు కాగితం మీద మందులు రాసి, నోటితో రెండు మాటలు చెప్పింది. ఈయనకి ఇక పొగ తగలకూడదు. చలీ తగలకూడదు.

ఊరంతా ఏమనుకుందో నేను చెప్పక్కర్లేదు. నా తోడికోడలు, అంటే మా ఆయన అన్న భార్య, మా పక్కింట్లోనే ఉంటుంది. ఇప్పటికీ గడ్డి ఇల్లే. ఆవిడ సంతకి పోయే దారంతా, "మా సెల్లి మొగుణ్ణి నిప్పులమీద పెట్టి ఉడకబెట్టీసింది, దుంప కాదని ఆలీసంగా తెలిసింది," అని చెప్పుకుంటూ పోయింది. మా ఆయన మంచం మీద నుంచే వంత పాడాడు. "సరిగ్గా ఉడకనేదు వదినా. మళ్ళీ పెడతాదేమో సూడాల."

నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ ఉదయం ఆయన మొహం రంగు నాకు ఇప్పటికీ మరుపు రాదు.

ఆ రోజు నుంచి కొడుకు ఇంట్లోకి నిప్పు రానివ్వలేదు. తరవాతి ఏడు కార్తీకం రాగానే వాళ్ళ నాన్నని రైలెక్కించి, కింద కొత్తవలస దగ్గర ఉన్న మా కూతురి ఇంటికి దింపాడు. బండి టైడా స్టేషను దాటితే చలి లేదు, ఆయాసం లేదు. మందుల షాపు వీధి చివరే. కూతురు మంచిది, అల్లుడూ మంచివాడే. అయినా మాఘం వెళ్ళాక తిరిగొచ్చిన మనిషి, పోయిన మనిషి కాదు. అక్కడ కూతురు తప్ప ఆయన భాష మాట్లాడేవాళ్ళు లేరు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వీధి చూస్తూ మూడు నెలలు గడిపాడు. వచ్చాక కూడా చాలా రోజులు, పలకరిస్తే తప్ప మాట్లాడలేదు. నన్ను తిట్టడం కూడా మానేశాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఈ ఏడు చేలల్లో వలిసె పూలు వాడిపోతున్న రోజుల్లో కొడుకు మళ్ళీ ఆ మాట ఎత్తాడు.

"అమా, అయ్యని అక్క ఇంటికి దింపీస్తాను. మీరిద్దరూ ఏటీ మాటాడకండి."

మా ఆయన అన్నాడు: "దింపు. నేను టైడాలో దిగిపోతాను. ఆ టేసన్లో బెంచీ మీద సచ్చిపోయినా నయమే. కింద నేను ఎవుళితో మాటాడాల? కుర్సీతోనా?"

"అయ్యా, ఇక్కడుంటే సలికి సచ్చిపోతావు."

"ఇక్కడ సత్తే మనవోళ్ళు ఏడుత్తారు. అక్కడ సత్తే కుర్సీ ఏడుత్తాదా?"

కొడుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడిది కోపం కాదు, భయం. ఆ మాట నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. అందుకే ఇద్దరి మధ్యా నేను దూరాను.

"గదిని నేను ఎచ్చబెడతాను. పొగ లేకుండా."

"ఎలగ?"

"తెలీదు."

తెలియదనే చెప్పాను. తెలిసినట్టు నటించడం నాకు రాదు. కొడుకు షరతు పెట్టాడు. "పుష్యం రెండో ఆదివారం దాకా ఆగుతాను. ముందురోజు రేతిరి నేను కూడా అయ్య పక్కన ఆ గదిలోనే పడుకుంటాను. నాకు పొగ వాసన తగిలినా, అయ్య ఒక్కసారి ఆయాసపడినా, బేగి లేపి పొద్దున్న బండెక్కించీస్తాను. మరి అప్పుడు అడ్డుపడకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. అంతవరకు ఆయన్ని పగలు ఎండలో, రాత్రి నాలుగు దుప్పట్లలో కాపాడడం నా పని.

మొదట తెలిసినవన్నీ చేశాను. పరుపు కింద గడ్డి పరిచాను. గోడలకి గోనెసంచులు కట్టాను. కోడలు తెలిసినవాళ్ళ దగ్గర కరెంటు హీటరు అడిగి తెచ్చింది. మా ఊరి కరెంటుకి దాని తీగ ఎర్రబడేలోపు దీపం గుడ్డిదయ్యేది, మరి కాసేపటికి రెండూ పోయేవి. ఏటి రాయిని పెరటి మంటలో కాల్చి, గుడ్డలో చుట్టి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. అది కొంత పనిచేసింది. కోడి కూసేదాకా వెచ్చగా ఉండి చల్లబడేది. "సిన్న రాయి పెట్టి పెద్ద సలిని ఆపుతావేటే," అని ఆయన వేళాకోళం చేశాడు. తిట్టడం మళ్ళీ మొదలుపెట్టాడని నాకు లోపల సంతోషం.

దారి దొరికింది అరకు సంతలో. ఆ రోజు మిరియాలు తీసుకుని పెందలాడే పోయాను. మంచు ఇంకా విడలేదు. పై ఊళ్ళ నుంచి గంపలు మోసుకొచ్చిన ఆడవాళ్ళు కొందరు ఒక టీ హోటలు వెనకాల గోడకి వీపులు ఆనించి వరసగా కూర్చున్నారు. ముందు వైపు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. వీళ్ళు మురుగు కాలవ పక్కన, బురదలో కూర్చున్నారు. ఎందుకా అని నేనూ పోయి గోడ మీద అరచెయ్యి పెట్టాను. దూడ పొట్ట మీద చెయ్యి పెట్టినట్టు ఉంది.

తిన్నగా లోపలికి పోయాను. హోటలాయన కింద నుంచి వచ్చిన మనిషి. పొయ్యిని ఆ గోడకే ఆనించి ఇటుకలతో కట్టాడు. పొగ ఒక గొట్టంలోంచి పైకి పోతోంది. టీ కూడా అడక్కుండా నేను వంగి పొయ్యి వెనకాల చూస్తుంటే ఆయన అరిచాడు.

"ఏటమ్మా, ఏటి పడిపోయింది?"

"ఏటీ పడనేదు. ఈ గోడ అవతల ఎంత ఏడి ఉందో తెలుసా నీకు?"

"తెలవకేటి! ఆ గోడ పక్కన డబ్బాలు పెడితే బెల్లం నీరైపోతంది. పొయ్యి ఆర్పీసినా మర్నాటి దాకా సల్లారదు. కట్టినోణ్ణి తిట్టుకోని రోజు నేదు."

ఆయన తిట్టుకుంటున్నదే నాకు కావలసింది. పొయ్యి ఒక వైపు, మనిషి ఇంకో వైపు, మధ్యలో వేడిని తాగి దాచుకునే మందమైన గోడ. కాళ్ళ దగ్గర పెట్టిన రాయి చిన్నదైంది, అంతే. మా ఆయన పడుకునేంత రాయి కావాలి.

మిరియాలు ఎవరికి ఇచ్చానో, ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. రాగానే పెరట్లో పుల్లతో గీతలు గీసి కోడలికి చూపించాను. మా గదికి రెండు గోడలు బయటికి ఉన్నాయి. వెనక గోడ అవతల కట్టెల పాకలో పొయ్యి. గోడకి కింద ఒక కంత. లోపల గోడ వెంబడి మనిషి పొడవున మోకాలెత్తు అరుగు, దాని కడుపులో సొరంగం. మంట వేడీ పొగా ఆ సొరంగంలోంచి పోయి, పక్క గోడకి పెట్టిన రెండో కంతలోంచి బయటికి, అక్కణ్ణుంచి నిలువు గొట్టంలో శ్లాబు దాటి పైకి. నిప్పు ఇంట్లోకి రాదు. పొగ ఇంట్లోకి రాదు. వేడి ఒక్కటే ఉండిపోతుంది.

కొడుకు నా చేతిలోంచి గునపం లాక్కున్నాడు. "గోడకి కంత పెడితే శ్లాబు కూలిపోద్ది. ఇంజినీరు అడిగితే ఏటి సెప్పాల?"

కోడలు వంటింట్లోంచే అంది: "కిటికీకి అంత పెద్ద కంత పెట్టారు కదా, కూలిందేటి? అత్త పెట్టేది పిల్లి దూరేంత."

వాడు గునపం ఇచ్చేశాడు. మా కోడలు ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే ఇలా ఉంటుంది.

రాళ్ళు ఏటి నుంచి తెచ్చాం. మట్టి నేను కలిపాను. మా ఊళ్ళో కొత్త కాపురం పెట్టే ప్రతి ఇంటికీ పొయ్యి వేసేది నేనే. పుట్టమన్ను, పేడ, చోడి గింజల పొట్టు ఎంతెంత కలపాలో నా చేతికి తెలుసు. అరుగు నాలుగు రోజుల్లో లేచింది. తోడికోడలు గోడ మీద నుంచి చూసి, "పొయ్యి బయట పెట్టి మొగుణ్ణి లోపల పెట్టింది. ఈసారి ఉడకబెట్టదు, రొట్టెలా కాలుత్తాది," అంది. ఊళ్ళో ఆ మాట బాగా నచ్చింది.

మొదటిసారి అంటించగానే పొగ సొరంగంలోకి పోకుండా నా మొహం మీదికే తిరిగొచ్చింది. ఎంత ఊదినా అంతే. కనుబొమలు కాలాయి. మసి మొహంతో వసారాలోకి వచ్చి కూలబడితే, ఎండలో కూర్చున్న మా ఆయన నా వైపు చూడకుండానే అడిగాడు.

"సొరంగం వాలు ఎటేపు?"

"వాలేటి? సమంగా కట్టాను. పైన నువ్వు పడుకోవద్దా?"

"పైన సమంగా ఉండాల, లోపల కాదు. మడికి నీళ్ళు ఎలగ కట్టాను నేను? వాగు నుంచి బెత్తెడు బెత్తెడు దించుకుంటూ వచ్చాను. నీళ్ళు దిగుతాయి. పొగ ఎక్కుతాది. దానికి మెట్టు ఇయ్యవే పిచ్చిదానా."

ఆ గట్టు మీద మెట్లు మెట్లుగా ఉన్న మడులన్నింటికీ నీళ్ళు తెచ్చింది ఆయనే, మరి. నోరు మూసుకుని అరుగు పైభాగం విప్పేశాను. సొరంగం నేలని పొయ్యి దగ్గర దించి, గొట్టం దగ్గర జానెడు లేపి మళ్ళీ కట్టాను. మేస్త్రి చేత నిలువు గొట్టానికి ఇంకో ముక్క తగిలించి శ్లాబు కన్నా ఎత్తుకి లేపించాను. ఈసారి మంట పెట్టగానే గుర్రుమని లోపలికి లాక్కుంది. ఆ చప్పుడు విని నేను చప్పట్లు కొట్టాను. చిన్నపిల్లలా కొట్టాను, అవును.

ఆ సంతోషంలోనే రెండో తప్పు చేశాను. ఆదివారం దగ్గర పడుతోందని, మట్టి ఆరకముందే పెద్ద మంట పెట్టాను. ఊరి పెళ్ళికూతుళ్ళందరికీ "ఆరకుండా అంటించకే" అని చెప్పేదాన్ని, నేనే అంటించాను. మర్నాటికి అరుగంతా పగుళ్ళు. గదిలో పొగ వాసన. కొడుకు గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి వెళ్ళిపోయాడు. సాయంత్రం వాడు వాళ్ళ నాన్న బట్టలు సంచిలో సర్దడం చూశాను.

పగులు కంటికి కనిపించేదయితే పూడ్చడం ఎంతసేపు? కనిపించనివే పొగని వదులుతాయి. మా ఆయన్ని వసారాలో ఉంచి, పొయ్యిలో పచ్చి ఆకు వేసి దట్టంగా పొగ పెట్టాం. గది తలుపులూ కిటికీలూ బార్లా తీసి కోడలు సుద్దముక్కతో లోపల నిలబడింది. అరుగు మీద ఎక్కడ సన్నగా దారంలా పొగ లేస్తే అక్కడ గీత. దగ్గు వచ్చినప్పుడల్లా బయటికి పరిగెత్తి, మళ్ళీ లోపలికి. మంట ఆర్పాక నేను ఒక్కో గీతా పుట్టమట్టితో పూడ్చి, పైన పేడ అలికేదాన్ని. మర్నాడు మళ్ళీ పచ్చి ఆకు, మళ్ళీ గీతలు. రోజురోజుకీ గీతలు తగ్గాయి. మబ్బు పట్టి ఎండ రాకపోతే, పొయ్యిలో ఊక మాత్రమే వేసి మెల్లగా ఆరబెట్టాం. బాలింతకి కాపడం పెట్టినట్టు.

శుక్రవారం పచ్చి ఆకు వేస్తే గదిలో ఒక్క దారం కూడా లేవలేదు. కోడలు సుద్దముక్క కిటికీలో పెట్టేసి, "అత్తా, గీయడానికి ఏటీ నేదు," అంది.

ఇక అసలు నిప్పు కావాలి. మాలో కొత్త పొయ్యికి అగ్గిపెట్టెతో అంటించరు. పాత పొయ్యి నిప్పు తెచ్చి పెడతారు. పెద్దవాళ్ళ ఇంట్లో ఆరని పొయ్యి నుంచి ఇంటి ఆడది అడిగి తెచ్చుకోవాలి. పచ్చి ఆకు వేసిన మంటలు, ఊక మంటలు పరీక్షకి, అవి లెక్కలోకి రావు. నా పొయ్యి గ్యాసు వచ్చిన ఏడే ఆరిపోయింది. అడగాల్సింది తోడికోడల్ని. రెండేళ్ళుగా నన్ను సంత దారిలో ఉడకబెట్టిన మనిషిని. శనివారం పొద్దున్న మొహం కడుక్కుని, ఎలా అడగాలా అనుకుంటూ గుమ్మం దాటానో లేదో, ఆవిడే పెంకులో నిప్పులు పెట్టుకుని నా పాకలో నిలబడి ఉంది.

"అడగనేదు కదా నేను," అన్నాను.

"నీ కోసం తెచ్చానేటి? వోడు నా మరిది. నేను కాపరానికి వచ్చినప్పుడు ఇంతుండేవోడు. బేగి పట్టు, చెయ్యి కాలతంది."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పొయ్యిలో పెట్టాం. ఎండిన సిల్వర్ ఓక్ కొమ్మలు, ముసలి కాఫీ మోళ్ళు వేశాం. సాయంత్రానికి అరుగు మీద చెయ్యి పెడితే టీ హోటలు గోడే. అప్పుడు మంట దించి, నిప్పులు ఉండగానే పొయ్యి మూతికి పలకరాయి అడ్డం పెట్టి, గొట్టం మాత్రం తెరిచి ఉంచాను. కిటికీ పైన గాలి కంత నేనే స్వయంగా చూశాను, దానిలో ఏ గుడ్డా లేదని. కొడుకు కూడా చూశాడు. ఇద్దరం ఒకరి తరవాత ఒకరం చూశాం.

అరుగు మీద గడ్డి, గడ్డి మీద పరుపు, పరుపు మీద మా ఆయన, పైన అలవాటుగా కంబళి. కింద నేల మీద చాపలో కొడుకు. గుమ్మం అవతల రెండో గదిలో నేనూ కోడలూ. రాత్రి సంగతి చెప్పడానికి ఏమీ లేదు. ఎవరూ దగ్గలేదు. నేను నిద్రపోలేదు. అంతే.

పొద్దున్న ఆరు గంటల నలభై నిమిషాలకి ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను. ఉక్కపోస్తోంది అని ఆయన అనగానే, నేల మీద కొడుకు లేచి కూర్చున్నాడు. వాడు దుప్పటి ముసుగేసుకుని వణుకుతున్నాడు. నేల చల్లదనం తగ్గదు కదా. అరుగు మీదికి చెయ్యి చాపి తడిమాడు. తరవాత ముక్కు ఎగబీల్చాడు, ఒకసారి, రెండుసార్లు, గది నాలుగు మూలలా తిరిగి.

"ఏటి వాసన?" అన్నాను గుమ్మంలోంచి.

"పేడ వాసన," అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వితే సరిపోదు, నెలనెలా ఆయన్ని చూసే నర్సుకి వాడు ముందే కబురు పెట్టి ఉంచాడు. ఆవిడ మఫ్లరు చుట్టుకుని ఏడుంబావుకి వచ్చింది. మా ఆయన వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసింది. వీపు మీద గొట్టం పెట్టి వింది. పొయ్యి ఎక్కడుందో, పొగ ఎటు పోతోందో, గాలి కంత తెరిచి ఉందో లేదో అన్నీ తిరిగి చూసింది. "పిల్లికూతలు లేవు. పోయిన నెల కంటే బాగుంది," అంది. "గాలి కంత మాత్రం ఎప్పుడూ మూయకండి. పగుళ్ళు చూసుకుంటూ ఉండండి. ఈయన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు." ఆ మాట చెప్పాక ఆవిడ కూడా బూట్లు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని అరుగు చివర కూర్చుంది.

కొడుకు సంచి తెచ్చాడు. సంచిలోంచి వాళ్ళ నాన్న బట్టలు ఒక్కొక్కటే తీసి, దండెం మీద వేశాడు. మా ఆయన చూస్తూ ఉన్నాడు.

"బండి తప్పిపోద్దేమో," అన్నాడు.

"పోనీ అయ్యా. ఖాళీగా పోద్ది."

అప్పటికి వార్త ఊళ్ళోకి పోయింది. చలికి ముడుచుకుని ఒక్కొక్కరే వచ్చారు. ముందు చెయ్యి పెట్టి చూశారు, తరవాత కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు లేవలేదు. తోడికోడలు వచ్చి, "రొట్టె కాలిందా?" అని అడిగి, మరిదిని పక్కకి జరిపి, నడుం అరుగుకి ఆనించింది. కాసేపటికి కళ్ళు మూసుకుని, "ఒలే, నా ఇంటికి కూడా ఒకటి కట్టు," అంది. అందరిముందూ అంది. "గడ్డి ఇల్లు కదా నీది, ఎచ్చగా ఉంటాది కదా," అన్నాను. "కళ్ళు పోతన్నాయే పొగకి," అంది. ఆ మాట అన్నందుకు ఆవిడకి సిగ్గు వెయ్యలేదు. విన్నందుకు నాకు గర్వం మాత్రం వేసింది. ముందు ఆవిడకే కడతాను అని అక్కడే మాట ఇచ్చాను.

కోడలు అందరికీ కాఫీ పెట్టింది, మా తోట గింజదే. మా ఆయన గ్లాసు పట్టుకుని, వాలు సంగతి చెప్పింది తనే అని వచ్చిన ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆయాసం కోసం ఆగలేదు. ఎవరైనా నా పేరు ఎత్తితే, "అది మట్టి పూసింది, అంతే," అన్నాడు. అననిచ్చాను. ఏడాది నోరు మూసుకున్న మనిషి అలా గొంతెత్తి కోతలు కోస్తుంటే, అది వినడానికే కదా నేను మట్టి పూసింది.

ఆ పొద్దున్న అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: అరుగు మీద మా ఆయన. ఆయన పక్కన నా తోడికోడలు. అరుగు చివర నర్సు. దండెం దగ్గర మా కొడుకు. కాఫీ గ్లాసులతో మా కోడలు. నేల మీద చాపలో తోడికోడలి ఇద్దరు కొడుకులు, వాళ్ళ భార్యలు. తలుపుకి ఆనుకుని ఊరి పూజారి, పక్కనే ఆదివారం ప్రార్థనకి పోతూ ఆగిపోయిన పాస్టరు. గుమ్మంలో, లోపల చోటు దొరకని గొట్టం బిగించిన మేస్త్రి, మా కింది వీధి అక్కచెల్లెళ్ళు ముగ్గురు. వెనక పాకలో, పొయ్యి ముందు నిప్పు ఎగదోస్తూ, నేను.